సాలు మధ్యలో ఆగే స్ప్రేయర్ ఇంజను: విప్పేముందు వినాలి

జగ్గయ్యపేట, నందిగామ (మా విలేఖరి): మెట్ట ప్రాంతంలో మిరప, పత్తి వేసే రైతుకు ఉన్న చిక్కుల్లో ఒకటి చూడడానికి చిన్నదే గాని అనుభవించేవారికి పెద్దది. వీపున మోసే పెట్రోలు స్ప్రేయర్ ఇంజను సాలు మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. తాడు పది సార్లు లాగితే ఒకసారి అందుకుంటుంది. నాలుగు సాళ్లు నడిచి మళ్లీ ఆగుతుంది. ఈలోగా గాలి లేస్తుంది. డబ్బాలో కలిపిన మందు అలాగే ఉండిపోతుంది. కూలికి వచ్చిన మనిషి గట్టున కూర్చుంటాడు.

జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు, కంచికచర్ల, వీరులపాడు మండలాల్లో ఈ మిషన్లు ఎరగని ఊరు లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగి ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్‌టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గాని నల్లరేగడి చేలల్లో పంటలు మారలేదు, పురుగు తగ్గలేదు. 2021లో మిరప పూతపై నల్ల తామర పురుగు విరుచుకుపడిన ఏడు ఇక్కడి రైతులకు ఇంకా గుర్తే. అలాంటి సమయంలో రెండు రోజులు స్ప్రేయర్ మూలపడితే పోయేది మిషను బాగుచేయించిన ఖర్చు ఒక్కటే కాదు. పూత కూడా పోతుంది.

ఇంజను ఆగగానే చాలామంది చేసే పని ఒకటే. స్క్రూడ్రైవరు తీసుకుని కార్బురేటరు మరలు తిప్పడం. అటు అరచుట్టు, ఇటు అరచుట్టు తిప్పాక అసలు తప్పు ఎక్కడున్నదో మెకానిక్కుకు కూడా అంతుపట్టదు. చివరకు కొత్త కార్బురేటరు, అదీ కాకపోతే కొత్త ఇంజను కొనవలసి వస్తుంది. నిజానికి ఈ చిన్న ఇంజను ఊరకే ఆగదు. ఎందుకు ఆగుతున్నదో ఆగేటప్పుడే చెబుతుంది. ఆ మాట వినడం తెలిస్తే సగం మరమ్మతులు పొలం గట్టు మీదే, పైసా ఖర్చు లేకుండా అయిపోతాయి.

రోడ్డు వదిలి చేలోకి

రెండు స్ట్రోకుల ఇంజను మన ప్రాంతానికి కొత్తది కాదు. కైనెటిక్ వారి లూనా 1972లో వచ్చింది. బజాజ్ చేతక్ స్కూటరు కూడా అదే ఏడు వచ్చింది. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో, యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిలు 1985లో వచ్చాయి. ఇవన్నీ రెండు స్ట్రోకుల బళ్లే. ఆ రోజుల్లో హైదరాబాదు - విజయవాడ రోడ్డు పొడవునా ప్రతి సెంటరులోనూ వీటిని చెవితో విని బాగుచేసే మెకానిక్కులు ఉండేవారు. పొగ నిబంధనలు కట్టుదిట్టం కావడంతో బళ్లన్నీ నాలుగు స్ట్రోకులకు మారాయి. టీవీఎస్ వారు 2015లో తెచ్చిన ఎక్సెల్ 100 కూడా నాలుగు స్ట్రోకులదే.

రోడ్డు మీద కనుమరుగైన ఆ ఇంజను చేలో మాత్రం మిగిలింది. మన రైతులు తైవాన్ స్ప్రేయర్ అని పిలిచే మిషన్లలోనూ, గాలితో మందు చిమ్మే మిషన్లలోనూ, గడ్డి కోసే మిషన్లలోనూ ఎక్కువగా ఉండేది ఈ రకమే. కొత్త బళ్ల మీదే పని నేర్చుకున్న కుర్ర మెకానిక్కులకు దీని పోకడ అంతగా తెలియదు. అందుచేత దీని సంగతి రైతే నాలుగు ముక్కలు తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

అన్నిటికంటే ముందు మీ మిషను ఏ రకమో చూసుకోవాలి. ఇటీవల నాలుగు స్ట్రోకుల స్ప్రేయర్లు కూడా వస్తున్నాయి. ఇంజను అడుగున ఆయిలు పోసే మూత విడిగా ఉంటే అది నాలుగు స్ట్రోకులది. దానికి పెట్రోలులో ఆయిలు కలపరాదు. అలాంటి మూత లేకపోతే రెండు స్ట్రోకులది. దానికి ఆయిలు కలపకుండా ఒక్క డబ్బా కూడా కొట్టరాదు.

పని చేసే తీరు

ఈ ఇంజనులో వాల్వులు, వాటిని తోసే సరంజామా ఉండదు. పిస్టన్ పైకి పోయినప్పుడు కింది గదిలోకి గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన ఆవిరి వస్తుంది. పిస్టన్ కిందకు దిగినప్పుడు ఆ ఆవిరి పక్క దారిన పైకి చేరి, కాలిన పొగను సైలెన్సరులోకి నెడుతుంది. పైన ప్లగ్గు నిప్పు వేస్తుంది. క్రాంకు ఒక చుట్టు తిరిగితే ఒకసారి నిప్పు. బేరింగులకు, పిస్టనుకు తడి అందేది పెట్రోలులో కలిపిన ఆయిలు వల్లనే. వేరే దారి లేదు.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతున్నాయి. పెట్రోలు తక్కువ అందితే ఆయిలు కూడా తక్కువ అందినట్టే. అంటే పెట్రోలు అందక ఆగుతున్న ఇంజనును పదేపదే లాగి పూర్తి రేసులో నడిపిస్తే పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది. ఇక రెండవది, కింది గదికి ఎక్కడ చిన్న సందు ఏర్పడినా అక్కడి నుంచి గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది. నాలుగు స్ట్రోకుల బండి మీద చెయ్యి తిరిగినవారికి ఈ రెండో సంగతి తొందరగా తట్టదు.

ఎలా ఆగింది?

ఇంజను ఆగిన తీరును బట్టి తప్పు ఏ వైపున ఉన్నదో పోల్చుకోవచ్చు.

స్విచ్చి కట్టేసినట్టు ఠక్కున ఆగితే నిప్పు వైపు చూడాలి. ప్లగ్గు టోపీ వదులై ఉండవచ్చు. ఆపే స్విచ్చికి వెళ్లే వైరు ఒలిచిపోయి ఇనుముకు తగులుతుండవచ్చు. ప్లగ్గు మొనల మధ్య మసి పలుకు అడ్డుపడి ఉండవచ్చు.

ఆగబోయే ముందు శబ్దం సన్నబడి, రేసు తనంతట తాను పెరిగి, ఆపై ఆగితే పెట్రోలు అందడం లేదని గాని, ఎక్కడో గాలి దూరుతున్నదని గాని గుర్తు. ట్యాంకులో పెట్రోలు అయిపోయేటప్పుడు ఎలా అరుస్తుందో ఇదీ అలాగే అరుస్తుంది. ప్రమాదకరమైన ఆగడం ఇదే. అక్కడితో నిలిపివేసి కారణం వెతకాలి.

పొగ కమ్ముకుంటూ, గొణుగుతూ, బరువెక్కినట్టయి ఆగితే పెట్రోలు ఎక్కువైందని అర్థం. చోకు పూర్తిగా తెరుచుకోలేదేమో, గాలి వడకట్టే స్పంజీ దుమ్ముతో మూసుకుపోయిందేమో, సైలెన్సరు మసితో నిండిందేమో చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, కొంతసేపటికి వేడెక్కి ఆగి, చల్లారాక మళ్లీ మామూలుగా అందుకుంటే అనుమానం మూడింటి మీదకు పోతుంది. వేడికి చచ్చుబడే కాయిల్ ఒకటి, ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోవడం ఇంకొకటి, పిస్టన్ బిగుసుకోవడం మూడవది.

స్లోలో ఆగి, రేసు ఇస్తే బాగుంటే స్లో దారిలో చెత్త పడి ఉండాలి, లేదా స్లో మర తగ్గి ఉండాలి. స్లోలో బాగుండి, రేసు ఇవ్వగానే ఆగితే పెద్ద జెట్టులో గాని, సైలెన్సరులో గాని అడ్డు ఉండాలి. మనిషి వంగినప్పుడో, పక్కకు ఒరిగినప్పుడో ఆగితే ట్యాంకు లోపలి గొట్టం చిట్లిందేమో చూడాలి.

మూత వదులు చేసి చూడండి

అన్నిటికంటే తేలిక పరీక్షతో మొదలుపెట్టడం మంచిది. ఇంజను ఆగిన వెంటనే మిషనును వీపు మీద నుంచి దించి నేలమీద పెట్టి, పెట్రోలు ట్యాంకు మూత నెమ్మదిగా వదులు చేయాలి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే దోషం దొరికినట్టే. ట్యాంకులో పెట్రోలు తగ్గుతున్న కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. మూతలోని సన్నటి రంధ్రం మట్టితోనో, మందు పొడితోనో పూడుకుపోతే గాలి రాదు, పెట్రోలు దిగదు. కాసేపటికి గాలి ఎలాగో చేరి మళ్లీ నడుస్తుంది. ఈ కారణానికే కార్బురేటర్లు మార్పించుకునేవారూ లేకపోలేదు. మూతను శుభ్రమైన పెట్రోలుతో కడిగి, సన్నని పుల్లతో రంధ్రం తెరిస్తే సరిపోతుంది. మూతనే వదులుగా వదిలేసి నడపరాదు. ఒలికిన పెట్రోలు వేడి సైలెన్సరు మీద పడితే మంట లేస్తుంది.

తర్వాత ట్యాంకు లోపలి ఫిల్టరు చూడాలి. తీగ కొక్కెంతో గొట్టాన్ని పైకి తీస్తే చివర చిన్న ఫిల్టరు ఉంటుంది. అది నల్లబడి ఉంటే మార్చివేయాలి. గొట్టం గట్టిపడినా, జిగురుగా మారినా, వంచినప్పుడు బీటలు కనిపించినా కొత్తది వేయాలి. గొట్టంలో బీట ఉంటే పెట్రోలు బదులు గాలి వస్తుంది.

కార్బురేటర్లు రెండు రకాలు. కింద గిన్నె, అందులో తేలే బిళ్ల ఉండేది ఒక రకం. దీని గిన్నె అడుగున నీరు, చెత్త చేరతాయి. గిన్నె విప్పి కడగడం తేలిక. రెండో రకంలో గిన్నె ఉండదు. పలచటి పొర, అంటే డయాఫ్రం, ఇంజను లోపలి ఒత్తిడికి పైకీ కిందకీ ఆడుతూ పెట్రోలును తోడుతుంది. మిషను ఎటు ఒరిగినా నడవడం దీని సుగుణం. కాలం గడిచిన కొద్దీ ఆ పొర బిరుసెక్కి ఆడడం మానేస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా ఉండక కాగితంలా చప్పుడు చేస్తే పని అయిపోయినట్టే. పూర్తి కార్బురేటరు కొనే బదులు పొరలు, గాస్కెట్లు మాత్రమే ఉన్న కిట్టు దొరుకుతుందేమో దుకాణంలో అడగాలి.

పెట్రోలు డబ్బా దగ్గరే సగం తప్పు

చాలా సందర్భాల్లో తప్పు మిషనులో కాక, ఇంటి వసారాలో పెట్టిన పెట్రోలు డబ్బాలో ఉంటుంది.

మొదటిది ఆయిలు కొలత. ఇది మిషనును బట్టి మారుతుంది. 25 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిలు అని పుస్తకంలో ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. 40కి 1 అయితే 25 మిల్లీలీటర్లు. 50కి 1 అయితే 20 మిల్లీలీటర్లు. మీ మిషనుతో వచ్చిన పుస్తకమో, ట్యాంకు మీది చీటీయో ఏ కొలత చెబితే దానినే పాటించాలి. కంటి అంచనాతో పోయడం, పురుగుమందు సీసా మూతతో కొలవడం మంచిది కాదు. ఆయిలు తక్కువైతే పిస్టన్ గీసుకుపోతుంది. ఎక్కువైతే ప్లగ్గు, సైలెన్సరు మసి కడతాయి. ఆయిలు ఎక్కువ పోస్తే ఇంజనుకు బలమని అనుకోవడం పొరపాటు. ఆయిలు పెరిగిన మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది కూడా. వాడవలసింది రెండు స్ట్రోకుల ఇంజన్లకని తయారైన 2టి ఆయిలే. ట్రాక్టరులో మార్చిన పాత ఆయిలు, పంపుసెట్టు ఆయిలు పనికిరావు. ఆయిలును విడి డబ్బాలో పెట్రోలుతో కలిపి, బాగా కుదిపి, ఆ తర్వాతే ట్యాంకులో పోయాలి. ట్యాంకులోనే ముందు పెట్రోలు, పైన ఆయిలు పోస్తే సరిగా కలవదు.

రెండవది ఇథనాల్. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా ఆ స్థాయికి చేరుకుంది. కార్ల సంగతి ఎలా ఉన్నా, నెలల తరబడి డబ్బాలో నిలవ ఉంచి వాడే చిన్న ఇంజన్లకు ఇది కొత్త చిక్కు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆయిలు మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. స్ప్రేయరు ట్యాంకులో గొట్టం తోడేది అడుగు నుంచి. అంటే ఇంజనులోకి పోయేది ఆయిలు లేని నీళ్లూ ఇథనాలే. ఇంజను ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా నడిస్తే పిస్టన్ పోతుంది. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రం పొరలు ఇథనాల్‌కు ఉబ్బి, తర్వాత బిరుసెక్కడం కూడా ఉంది.

దీనిని కనిపెట్టడం కష్టం కాదు. నిలవ పెట్రోలును డబ్బా అడుగు నుంచి కొద్దిగా తీసి, చిన్న గాజు సీసాలో పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురులో చూడాలి. అడుగున వేరే పొర, నీటి బొట్లు, మబ్బుగా ఉండడం కనిపిస్తే ఆ పెట్రోలు వాడరాదు. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కలుపుకోవడం, డబ్బా మూత గట్టిగా బిగించడం, వానలో పెట్టకపోవడం మేలు.

నిప్పు పరీక్ష

ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను ఆరోగ్యం తెలుస్తుంది. మొన కాఫీ పొడి రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు గాని ఆయిలు గాని ఎక్కువ. తెల్లగా, పొడిగా ఉంటే మిశ్రమం పలచనై వేడెక్కుతున్నట్టు. ప్లగ్గు సందు సాధారణంగా 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి.

నిప్పు చూడాలంటే ప్లగ్గును టోపీలో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజను లోహానికి ఆనేటట్టు, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉంచి తాడు లాగాలి. రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది కనుక దగ్గరగా పెడితే మంట పుడుతుంది. ఒలికిన పెట్రోలు తుడిచి, డబ్బా దూరంగా పెట్టాకే ఈ పని చేయాలి. నీలిరంగు నిప్పు రావాలి.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. వేడెక్కాక ఆగే ఇంజనును ఇంటికి తెచ్చి, చల్లారాక పరీక్షిస్తే నిప్పు బాగానే వస్తుంది. దోషం కనిపించదు. ఆగిన మరు నిమిషమే, వేడి మీద చూడాలి. అప్పుడు నిప్పు లేకపోతే ముందు కొత్త ప్లగ్గు వేసి చూసి, ఆపే స్విచ్చి వైరు విప్పి చూసి, అప్పటికీ రాకపోతే కాయిల్ అని నిర్ణయానికి రావచ్చు. అందుకే మందు కొట్టడానికి వెళ్లేటప్పుడు ప్లగ్గు పానా, కొత్త ప్లగ్గు సంచిలో ఉండడం మంచిది.

గాలి, పొగ దారులు

మిరప చేలో బుగ్గి, పత్తి చేలో నూగు గాలి స్పంజీని తొందరగా కప్పేస్తాయి. మందు కొట్టే రోజుల్లో రోజూ విప్పి దులపాలి. కొన్నాళ్లకొకసారి సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, ఆయిలు చుక్క రాసి పిండి వేయాలి. స్పంజీ లేకుండా నడిపితే దుమ్ము నేరుగా పిస్టన్ మీదకు పోతుంది.

సైలెన్సరు రంధ్రం, లోపలి జాలి మసితో పూడితే ఇంజను ఊపిరాడక ఆగుతుంది. చల్లారాక సైలెన్సరు విప్పి మసి గీకాలి. సిలిండరు పొగ రంధ్రం గీకేటప్పుడు తాడు నెమ్మదిగా లాగి, పిస్టన్ ఆ రంధ్రానికి అడ్డం వచ్చేటట్టు నిలిపి, చెక్క పుల్లతోనే గీకాలి. అప్పుడు మసి లోపల పడదు. అదే రంధ్రం నుంచి పిస్టన్ ఒంటిని చూడవచ్చు. నున్నగా ఉంటే మంచిదే. నిలువు గీతలు కనిపిస్తే పిస్టన్ ఇదివరకే ఒకసారి పట్టినట్టు. అలాంటి మిషనుకు కార్బురేటరు మరలు తిప్పి ప్రయోజనం లేదు.

కార్బురేటరు, సిలిండరు కలిసేచోట బోల్టులు వదులైతే, గాస్కెట్టు చిరిగితే గాలి దూరుతుంది. అక్కడ ఆయిలు చెమ్మ, దానికి అంటిన మట్టి కనిపిస్తే గుర్తు పట్టవచ్చు. బోల్టులు బిగించినా స్లోలో రేసు తనంతట పెరుగుతూ తగ్గుతూ ఉంటే క్రాంకు ఆయిలు సీళ్లు అరిగి ఉండవచ్చు. ఇది పనివాడికి అప్పగించవలసిన పని.

తప్పు పంపుదా?

ఇంజనును తిట్టేముందు పంపును చూడాలి. తైవాన్ రకం స్ప్రేయరులో ఇంజను ఒత్తిడి పంపును తిప్పుతుంది. పంపుకు గ్రీజు లేక బిగుసుకుంటే, ఒత్తిడి మర అతిగా బిగిస్తే, చెరువు నీటి బురదతో వడపోత జాలి పూడితే ఆ భారమంతా ఇంజను మీద పడుతుంది. ఒత్తిడి పూర్తిగా తగ్గించి నడపాలి. అప్పుడు ఇంజను ఆగకుండా నడిస్తే దోషం పంపు వైపున ఉన్నట్టు.

సిలిండరు చుట్టూ ఉండే రెక్కలు కూడా చూడాలి. మందు తడి, దుమ్ము కలిసి వాటి మధ్య గారలా గట్టిపడితే ఫ్యాను గాలి తగలక ఇంజను కాగిపోతుంది. బాగా చల్లారాక బ్రష్షుతో శుభ్రం చేయాలి.

మరలు చివరకు మాత్రమే

ఇన్నీ చూశాక, అప్పటికీ తేడా ఉంటేనే కార్బురేటరు మరల జోలికి పోవాలి. తిప్పేముందు మర పూర్తిగా బిగుసుకునే దాకా ఎన్ని చుట్లు వచ్చిందో లెక్కపెట్టి రాసుకోవాలి. పని చెడితే మళ్లీ అక్కడికే తేవచ్చు. గట్టిగా బిగిస్తే సూది మొన చెడుతుంది కనుక మెత్తగా ఆనించి వదలాలి. డయాఫ్రం రకంలో పెట్రోలు మరను కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతు మించరాదు. ఇంజను వేడెక్కాకనే సరిచూడాలి. రేసు సన్నగా, ఈలలా వినిపిస్తే పెట్రోలు తక్కువైనట్టు. వెంటనే కొంచెం ఎడమకు తిప్పాలి. కాస్త పొగ వచ్చినా నష్టం లేదు, పలచబడితే మాత్రం నష్టం.

బొమ్మకారుకూ అదే చికిత్స

ఇదే జాతి ఇంజను విదేశాల్లో సరదా ఆటకు కూడా పనికివస్తున్నది. అసలు కారులో ఐదో వంతు కొలతతో చేసి, చేతిలోని రేడియో పెట్టెతో నడిపించే పెద్ద బొమ్మకార్లు ఉన్నాయి. వాటికి 23 నుంచి 30 సీసీ దాకా రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్లు పెడతారు. ఇందులో పేరొందిన జపాను కంపెనీ జెనోవా. ఆ కంపెనీ గడ్డి కోసే మిషన్లకూ ఇంజన్లు చేసేదే. ఆ కార్లు కూడా పందెం మధ్యలో ఆగిపోతాయి. వాటి యజమానులూ మొదట మరలే తిప్పుతారు. చివరకు తేలేది ట్యాంకు మూత రంధ్రమో, పగిలిన గొట్టమో, బిరుసెక్కిన డయాఫ్రం పొరో, వదులైన బోల్టో. వారికి పోయేది ఒక పూట ఆట. మన రైతుకు పోయేది పంట.

చేతులు జాగ్రత్త

స్ప్రేయరు బొమ్మకారు కాదు, దాని నిండా విషం ఉంటుంది. ఇంజను ఆగగానే అవే చేతులతో పెట్రోలు గొట్టం నోట పెట్టి పీల్చడం, జెట్టును నోటితో ఊదడం, పూడిన నాజిల్‌ను పెదవుల దగ్గర పెట్టడం చేలల్లో మామూలైపోయింది. ఇది ప్రాణం మీదకు తెస్తుంది. ఏ మరమ్మతు చేయాలన్నా ముందు మందు డబ్బా దించి, గాలికి ఎదురుగా కాక పక్కకు జరిగి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గొట్టాలు ఊదడానికి సైకిలు పంపు వాడాలి. బీడీ, సిగరెట్టు దగ్గరకు రానీయరాదు. ఇంజను వేడిగా ఉండగా ట్యాంకులో పెట్రోలు పోయరాదు.

పంట అయ్యాక మూలన పడేస్తే మళ్లీ సీజనులో ఇంజను మొరాయించడం ఖాయం. ట్యాంకులోని పెట్రోలు తీసివేసి, ఇంజనును స్లోలో నడిపి కార్బురేటరులో మిగిలినది కూడా అయిపోనివ్వాలి. ప్లగ్గు విప్పి చెంచాడు 2టి ఆయిలు పోసి, రెండు మూడు సార్లు తాడు లాగి, ప్లగ్గు బిగించి, గోనె కప్పి పొడి చోట పెట్టాలి. ఎలుకలు గొట్టాలు కొరకకుండా చూడాలి.

అధికారులు పట్టించుకోవాలి

రాయితీల మీద స్ప్రేయర్లు ఇచ్చే పథకాలు ఎన్నో వచ్చాయి. ఇచ్చిన మిషనును నడుపుకోవడం, బాగుచేసుకోవడం నేర్పడం కూడా అంతే అవసరం. జగ్గయ్యపేట మండలం గరికపాడులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మిరప నాట్లకు ముందు ఏటా ఒక రోజు రైతులు తమ స్ప్రేయర్లను అక్కడికి తెచ్చుకుని, విప్పి, కడిగి, బిగించుకునే శిబిరం పెడితే రెండు తాలూకాల రైతాంగానికి మేలు జరుగుతుంది. ఆ శిబిరంలో పాత లూనా, చేతక్ మెకానిక్కుల చేత ఊరికి ఇద్దరు కుర్రవాళ్లకు పని చెప్పించవచ్చు. రోడ్డు మీద ఆ బళ్లు పోయాయి గాని వాటిని విని బాగుచేసిన చెవులు ఇంకా మన ఊళ్లలో ఉన్నాయి. అవి ఉండగానే ఆ పని జరగాలి.

అప్పటి దాకా రైతు సోదరులు ఒక్క సంగతి మరువరాదు. ఇంజను ఆగితే వెంటనే తాడు లాగవద్దు. అది ఎలా ఆగిందో ఒక్క నిమిషం ఆలోచించండి. మూత, పెట్రోలు, ప్లగ్గు, స్పంజీ, సైలెన్సరు ఈ వరసలో చూడండి. స్క్రూడ్రైవరు పని చివరికి ఉంచండి.